కోళ్ల పేరు చెప్పి తెచ్చిన అన్నం

ఇండోనేషియా, మలేషియా, థాయ్‌లాండ్, వియత్నాం. ఈ నాలుగు దేశాల వంటిళ్లలోనూ నేను కాలు పెట్టాను. జావా ద్వీపంలో ఒక ముసలావిడ రోట్లో మిరపకాయలు నూరుతుంటే పక్కన కూర్చుని, ఆ ఘాటుకు కళ్లనీళ్లు పెట్టుకున్నాను. బ్యాంకాక్‌లో పడవ మీద అన్నం అమ్మే మనిషి నన్ను చూసి చేయి ఊపాడు.

ఇదంతా మా వరండాలో, మంచం మీద వెల్లకిలా పడుకుని, ఫోను ఛాతీ మీద నిలబెట్టుకున్నప్పుడు జరిగింది. కళ్లనీళ్లు మాత్రం అబద్ధం కాదు. ఆ సమయానికి మా ఇంట్లో కూడా మిరపకాయలు వేయిస్తున్నారు. పడవ మనిషి చేయి ఊపింది ఎవరికో నాకు తెలియదు.

నేను జహీరాబాద్ బస్టాండులో కంట్రోలరుగా చేసి రిటైరైనవాణ్ని. ఏ బస్సు ఎక్కడికి పోతుందో మైకులో చెప్పి, ఊళ్లో జనాన్నంతా ప్రయాణాలకు పంపి, సాయంత్రానికి నేను నడిచి ఇంటికి రావడం నా ఉద్యోగం. నేను స్వయంగా ఎక్కిన బస్సు షోలాపూర్ దాటి ఎరుగదు, అదీ ఎవరి పెళ్లికో. సర్వీసులో ఉన్నన్నాళ్లూ నా గొంతు వినబడితే చాలు, జనం మూటలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తేవాళ్లు. రిటైరయ్యాక అదే గొంతుతో మా ఆవిడను మంచినీళ్లు అడిగితే "బిందె ఆడనే ఉన్నది" అని జవాబు వచ్చేది.

ఇంట్లో నాకంటూ ఒక చోటు లేదని అప్పుడే తెలిసింది. వరండాలో కూర్చుంటే ఊడవాలంటుంది. లోపల కూర్చుంటే ఫ్యాను వేస్ట్ అంటుంది. కొడుకూ కోడలూ పై అంతస్తులో ఉంటారు, వాళ్ల వంట వాళ్లది, వాళ్ల హడావుడి వాళ్లది. అలా తిరిగి తిరిగి నేను ఆ జావా ముసలావిడ దగ్గర తేలాను. ఆమె మాట ఒక్కటి అర్థం కాదు. కానీ ఆమె రోటి ముందు కూర్చుని నూరేది మన మిరపకాయ తొక్కే. దాన్ని వాళ్లు సంబల్ అంటారు. ఆమె చేపను చుట్టే ఆకు పసుపు ఆకు. అది మన పొలాల్లో పసుపు తవ్వాక ఎండబెట్టి కాల్చేసే ఆకు. అల్లం ఉంది, బెల్లం ఉంది, చింతపండు ఉంది, పల్లీలు ఉన్నాయి. నిమ్మగడ్డి మా మెట్ల పక్కన పెయింటు డబ్బాలో చాయ్ కోసం పెంచుతున్నదే. సముద్రం అవతలి వంట సామానంతా మా సంతలోనే దొరుకుతుంటే, మనిషన్నవాడు ఊరుకుంటాడా?

నేను ఊరుకోలేదు. మొదట కొబ్బరిపాలతో అన్నం వండాను. మా ఆవిడ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది అన్నమా, పాయసమా? ఏదో ఒకటి చెప్పున్రి. దాన్నిబట్టి మొఖం పెడత" అంది. నిమ్మగడ్డీ అల్లమూ వేసి థాయ్‌లాండ్ పులుసు కాచాను. అది తాగి, "దగ్గు లేదు గద నాకు" అంది. మూడోసారి ఇండోనేషియా వేపుడన్నానికి దిగాను. అన్నం ముద్దయిపోయింది. గరిటె నిలువునా గుచ్చితే ఒరగకుండా నిలబడింది. అడుగంటిన గిన్నె ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. దాన్ని ఆమె వెలుతురుకు పట్టి అడుగంతా చూసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

"పొయ్యి ముంగట మీకేం పని?" అంది చివరికి. "మీ ఈడు మగోళ్లంత పోయి పార్కుల కూసుంటున్రు."

"వాళ్లకు వంట రాదు."

"మీకు వచ్చా?"

"వస్తది. తినేటోళ్లకు నాలుక రావాలె."

అనకూడని మాట అన్నానని నోరు మూసుకునేలోపే తెలిసింది. ఆమె గిన్నె కింద పెట్టింది.

"సరే. వచ్చే ఐతారం మా అన్న వస్తుండు. ఆయనకు నాలుక ఉన్నది గద? మీరే వండున్రి. మా అన్న తన నోటితోని 'ఇంకింత వెయ్' అనాలె. అంటె ఇగ ప్రతి ఐతారం వంటిల్లు మీదే, నేను గడప దాటి లోపటికి రాను. అనకపోతె మళ్ల గరిటె ముట్టొద్దు. ఆ ఫోన్ల ముసలామెను చూసుకుంట కూసోవాలె."

ఈ పందెం ఎంత దుర్మార్గమైనదో తెలియాలంటే మా బావ గురించి చెప్పాలి. న్యాల్‌కల్ దగ్గర పెద్ద సేద్యం. ఆరున్నర అడుగుల మనిషి, మీసాలు ఎద్దు కొమ్ముల్లా ఉంటాయి, ఆయన గడపలోకి వస్తుంటే తలుపులు రెండూ తీయాలి. (ఎత్తు నా కంటే రెండు వేళ్లు ఎక్కువ, అంతే. ఒక తలుపు చాలు. మీసం మాత్రం అన్నంత ఉంది.) ఆయన్ని నేను బావా అంటాను, నన్నూ ఆయన బావా అంటాడు, మా ఇద్దరి మధ్య పరాచికాలకు కొదవ లేదు. కానీ తిండి దగ్గరికి వచ్చేసరికి ఆయన వేరే మనిషి. మొదటిసారి వడ్డించింది తింటాడు. రెండోసారి గరిటె లేచేలోపే అరచేయి బోర్లించి పళ్లెం మీద మూతలా పెట్టేస్తాడు. పెళ్లిళ్లలో అంతే, పండుగల్లో అంతే. ఆ చేయి తీయించలేక కన్నతల్లే ఓడిపోయింది. నా పెళ్లైన నాటి నుంచి ఆయన నోట "వెయ్" అనే మాట నేను వినలేదు. మా ఆవిడకు ఇది నాకంటే బాగా తెలుసు.

నవ్వుతూనే ఒట్టు వేశాను. లోపల మాత్రం నవ్వు లేదు. పొయ్యి దగ్గర నిలబడ్డ ఆ కాసేపే ఇంట్లో నేనొకణ్ని ఉన్నట్టు ఉండేది. తిట్టడానికైనా సరే ఆమె అక్కడికి వచ్చేది, నాతో మాట్లాడేది. అది పోతే మళ్లీ మంచమూ, ఫోనూ, "బిందె ఆడనే ఉన్నది"యూ.

ముసలావిడను మళ్లీ మళ్లీ చూశాను. నా ముద్దకు కారణం అప్పుడు దొరికింది. ఆమె బాణలిలో వేసేది వేడన్నం కాదు. బుట్టలోంచి తీసి, చల్లగా గట్టిపడ్డ అన్నాన్ని వేళ్లతో విడదీసి వేస్తోంది. నిన్నటి అన్నం. మా ఇంట్లో ఉన్నవి కొత్త బియ్యం, ఉడికితే జిగురు. అవి రాత్రంతా ఆరితే తప్ప పొడిపొడిగా కావు. ఒక మధ్యాహ్నం ఫ్యాను కింద ఆరబెట్టి చూశాను కూడా. పైన ఎండింది, లోపల ముద్దే.

ఇక్కడే చిక్కు. నిన్నటి అన్నం మేమూ తింటాం. పోపు పెట్టుకుని, నిమ్మకాయ పిండుకుని, తలుపు వేసుకుని తింటాం. కానీ ఇంటికొచ్చిన మనిషికి, అందులోనూ మా ఆవిడ అన్నకు, నిన్నటి అన్నం పెట్టడమంటే రావద్దని చెప్పి పంపడమే నయం. అందుకని ఈ రహస్యం ఆమెకు చెప్పలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సామాను కూర్చాను. సోయా సాసు కోసం చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద నూడుల్స్ చేసే దాబా దాకా సైకిలు తొక్కుకుంటూ వెళ్లాను. సరే, ఆటోలో వెళ్లాను. సైకిలు ఉన్నమాట నిజం, అందులో గాలి లేదు. ఆ సాసులో బెల్లం వేసి కాచితే నల్లగా పాకం దిగింది. ఆ దేశంలో తియ్యటి సాసు అని సీసాల్లో అమ్మేది ఇంచుమించు ఇదే. సంతలో ఎండు రొయ్యలు కొన్నాను. మిరపకాయ బజ్జీల బండి అతని దగ్గర పెద్ద బాణలి అడిగి తెచ్చాను. శనివారం సాయంత్రం అన్నం పలుకుగా వండి, గంజి వార్చి, ఉతికిన పంచె మీద పరిచి, వెనక గదిలో బుట్ట బోర్లించి పెట్టాను.

ఆదివారం పొద్దున వెళ్లి చూస్తే బుట్ట ఉంది. పంచె ఉతికి తాడు మీద ఆరేసి ఉంది. అన్నం లేదు.

"ఈడ అన్నం ఉండాలె గద?"

"ఏ అన్నం? బుట్ట కింద ఉన్నదా? అది నిన్నటిది," అంది మా ఆవిడ, చీపురు ఆపకుండా. "అన్న వచ్చే యాళ్లకు ఇంట్ల పాచి అన్నం కనబడితె ఏం బాగుంటది? వెనుకింటోళ్ల బర్రెకు ఏసిన."

"బర్రె తిన్నదా?"

"తిన్నదా అంటె? గిన్నె నాకింది. ఇంకింత ఏయుమని అరిచింది గూడ."

"అయితె పందెం బర్రెతోనే కట్టాల్సింది," అన్నాను.

ఆమె నవ్వింది. అది బావ కోసం పెట్టిన అన్నమని ఆమెకు తెలియదు. చెబితే ఇంకేముంది, ఆ వంటే వద్దంటుంది. బావ మధ్యాహ్నానికి వస్తాడు. కొడుకూ కోడలూ రాయికోడ్‌లో పెళ్లికి వెళ్లారు, పై ఇంటికి తాళం. ఖాళీ గిన్నె ఒకటి చంకలో పెట్టుకుని వీధిలోకి దిగాను.

పక్కింట్లో టీచరమ్మ ఉంటుంది. ఆమె తలుపు తీయగానే అడిగేశాను, "అమ్మా, నిన్నటి అన్నం ఏమన్న మిగిలిందా?"

ఆమె ముఖం ఎర్రబడింది. "అయ్యో సార్, మా ఇంట్ల అన్నం మిగలది. చూసుకునే వండుకుంటం," అంటూనే కాలితో ఒక గిన్నెను మెల్లగా తలుపు వెనక్కి జరిపింది. గిన్నె మీద మూత సరిగా లేదు, తెల్లగా కనబడుతోంది. "ఉప్మ అయితున్నది సార్, లోపటికి రాన్రి, వేడివేడిగ తినిపోదురు."

వద్దని చెప్పి కిరాణా సేటు ఇంటికి వెళ్లాను. వాళ్లింట్లో కన్నడం మాట్లాడుకుంటారు, నాతో తెలుగు. సేటు భార్య, "రాత్రి మా ఇంట్ల జొన్న రొట్టెలే సార్, అన్నం పొయ్యి మీదనే పెట్టలే" అంది. ఆ మాట అంటుండగా వెనక ఆమె మనవరాలు నిన్నటి అన్నానికి పోపు పెట్టిన పళ్లెం పట్టుకుని అటునుంచి ఇటు వెళ్లింది. ఇద్దరం ఆ పిల్లను చూడనట్టు ఉండిపోయాం. నన్ను ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక సేటు భార్య రెండు వేడి రొట్టెలు, పల్లీల పొడి కాగితంలో చుట్టి ఇచ్చింది. దారిలో ఒక రొట్టె తిన్నాను. రెండూ తిన్నాను.

మూడో గడప నా దర్జీ దోస్తుది. చిన్నప్పటి నుంచి కలిసి తిరిగినవాళ్లం. కుట్టుమిషను ముందు కూర్చున్నవాడు నా గిన్నెను చూసి కళ్లద్దాలు తీశాడు.

"ఏంది భాయ్, భాభీతోని లడాయి అయ్యిందా?"

"కాలే."

"మరి పొద్దుగాల పొద్దుగాల గిన్నె పట్టుకొని తిరుగుతున్నవ్?" నా జవాబు వినకుండానే లోపలికి కేక వేశాడు. "అజీ! ఈయనకు ఇంట్ల నాష్తా పెట్టలేరంట!"

"లడాయి కాదుర. నాకు నిన్నటి అన్నం కావాలె."

పరదా వెనక నుంచి అతని భార్య, "తౌబా! నిన్నటి చావల్ మీకెట్ల ఇస్తం భాయ్‌సాబ్?" అంది. "కూసోండి. ఖిచ్డీ అయితున్నది. గరం గరం పెడత."

ఈ ఊళ్లో అందరి ఇళ్లలోనూ నిన్నటి అన్నం ఉంది. ఒక్కరూ ఇవ్వరు. ఉందని ఒప్పుకుంటే పరువు తక్కువ, నాకు ఇస్తే ఇంకా తక్కువ. ఇంకో నాలుగు ఇళ్లు తిరిగితే ఉప్మా, ఖిచ్డీ, ఇడ్లీ అన్నీ దొరికేలా ఉన్నాయి, నాకు కావలసింది తప్ప. అక్కడ నిలబడి ఉండగానే నోట్లోంచి మాట జారింది.

"నాకు కాదు. కోళ్లకు."

దోస్తు ముఖం విప్పారింది. "కోళ్లా? మీ ఇంట్ల కోళ్లెక్కడియి?"

"నిన్ననే తెచ్చిన."

"ఎన్ని?"

"పది."

"పదీ పెట్టలేనా?"

"రెండు పుంజులు," అన్నాను. అబద్ధమాడేటప్పుడు ఇలాంటి వివరాలు ఇవ్వాలి, వినేవాడికి తృప్తిగా ఉంటుంది.

"అరే, గట్ల ముందే చెప్పొద్దా!" పరదా వెనక గిన్నెలు కదిలాయి. ముందు రోజు వాళ్లింట్లో ఎవరో చుట్టాలకు దావతట. అడుగున పొడుగు గింజల అన్నం దండిగా మిగిలింది. నా గిన్నె నింపి, చాలక ఇంకో డబ్బా నింపి ఇచ్చారు. తిరుగుదారిలో సేటు ఇంటి ముందు ఆగి కోళ్ల సంగతి చెప్పాను. పొయ్యి మీదనే పెట్టని అన్నం నాలుగు గరిటెలు బయటికి వచ్చింది. టీచరమ్మయితే, "కోళ్లకైతె చెప్పాలె గద సార్!" అని తలుపు వెనక గిన్నెను రెండు చేతులతో ఎత్తి ఒంపేసింది. ఆ పొద్దున మా వీధిలో నాకంటే కోళ్లకు మర్యాద ఎక్కువ జరిగిందని చెప్పలేను. నాకు మర్యాద ఎక్కువ జరగబట్టే అన్నం పుట్టలేదు.

బావ మోటారు సైకిలు మీద కందిపప్పు సంచీతో వచ్చాడు. వంట నాదే కాబట్టి మా ఆవిడ వంటింటి గడప దాటలేదు. ముందు గదిలో అన్న పక్కన కూర్చుని నాకు వినబడేలా, "తినలేకపోతె తినకన్నా, ఏమనుకోరు. రొట్టెలు జేసి పెట్టిన" అని ధైర్యం చెబుతోంది.

నేను బాణలి ఎక్కించాను. ఎండు మిర్చి, ఎర్ర ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, వేయించిన ఎండు రొయ్యలు కలిపి నూరిన ముద్ద నూనెలో పడగానే వీధి చివర కుక్కలు మొరిగాయి. అవి రోజూ మొరుగుతాయి, కానీ ఆ రోజు నాకోసం మొరిగాయనే అనుకుంటాను. ముద్ద పచ్చి వాసన పోయి నూనె తేలాక అన్నం వేశాను. అది ఒక ఇంటి అన్నం కాదు గదా. ఒక గింజ పొడుగు, ఒక గింజ సన్నం, ఇంకొకటి రేషను బియ్యపు లావు, మధ్యమధ్య దర్జీ ఇంటి షాజీర. వేళ్లతో విడదీసి వేసిన అన్నం బాణలి అంచుకు తగిలి చిటపటమంది. ముద్ద కాలేదు. బెల్లపు పాకం చుట్టూ పోసి ఎగరేశాను. ఒక్కో గింజ విడిగా లేచి విడిగా పడింది. ఆ క్షణాన బస్టాండు మైకు నా చేతిలో ఉంటే ఊరంతటికీ చాటేవాణ్ని.

పళ్లెంలో, గుడ్డు వేయించేలోపు పొగ తగ్గి గోరువెచ్చనైన అన్నం, దాని మీద అంచులు కరకరలాడే గుడ్డు, పక్కన కీర ముక్కలు, వేయించిన పల్లీలు, వడియాలు. బావ పళ్లెం వైపు అనుమానంగా చూశాడు.

"ఏంది బావా, అన్నం నల్లగున్నది. మాడిందా?"

"మాడలే బావా. దాని రంగే అది."

"గుడ్డు నెత్తి మీద ఎందుకు కూసున్నది?"

"ఆ దేశంల గట్లనే కూసుంటది."

"ఏ దేశం?"

"ఇండోనేషియా."

"నువ్వెప్పుడు పోయినవ్ ఇండోనేషియా?"

"రోజూ పోతరు, మంచం మీద పండుకొని," అంది మా ఆవిడ.

బావ ఒక ముద్ద తిన్నాడు. ఏమీ అనలేదు. ఇంకో ముద్ద తిన్నాడు. గుడ్డు సొన పగిలి అన్నంలోకి జారింది, కలుపుకున్నాడు. మీసం పైకీ కిందికీ కదలడం తప్ప ఆ ముఖంలో ఏమీ దొరకలేదు. పళ్లెం ఖాళీ అయింది. నేను గరిటె పట్టుకుని నిలబడ్డాను. నేను అడగకూడదు, ఆయన అనాలి. మా ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఎడమచేయి మెల్లగా లేచి, బోర్లా తిరిగి, పళ్లెం మీద మూతలా దిగింది.

నా ఆదివారాలు ఆ చేతి కిందే ఉండిపోయాయి.

సరిగ్గా అప్పుడే వాకిట్లో టీచరమ్మ గొంతు. "అక్కా! ఇగో, కోళ్లకు ఇంకింత అన్నం దొరికింది. అల్మారల పెట్టి మరిచిపోయినం." గిన్నె పట్టుకుని లోపలికే వచ్చేసింది. "మా పిల్లలు కోళ్లను చూస్తమని ఒకటే లొల్లి. ఏడ పెట్టిన్రు?"

"ఏం కోళ్లు?" అంది మా ఆవిడ.

"సార్ తెచ్చిండట గద, పది. పొద్దుగాల వాటికోసమే గద ఇల్లిల్లు తిరిగి అన్నం..." టీచరమ్మ నా ముఖం చూసి ఆగిపోయింది.

మా ఆవిడ గిన్నెను చూసింది. బాణలిని చూసింది. అన్న ఖాళీ పళ్లేన్ని చూసింది. రంగు మారిపోయింది మనిషిది.

"ఇల్లిల్లు తిరిగిన్రా? గిన్నె పట్టుకొని? మా అన్నకు ఊరోళ్ల పాచి అన్నం పెట్టిన్రా?"

తప్పించుకునే దారి లేనప్పుడు నేను నిజం చెబుతాను. "మూడిండ్లది. కోళ్లు లేవు. నేను వండిన అన్నం నువ్వు బర్రెకు ఏసినవ్, మరి ఏం చెయ్యాలె? ఈ వంటకు నిన్నటి అన్నమే కావాలె."

"చెప్పొచ్చు గద!"

"చెప్తె చెయ్యనిస్తుంటివా?"

"సచ్చినా చెయ్యనియ్యకపోతుంటి!"

బావ చేయి ఇంకా పళ్లెం మీదే ఉంది. తల ఎత్తి నన్ను చూశాడు. "అంటె ఇది నిన్నటి అన్నమా బావా?"

"అవును బావా."

"షాజీర ఎవరింట్లది?"

"మా దర్జీ దోస్తు ఇంట్లది."

ఆయన చేయి తీశాడు. తీసి, టీచరమ్మ వైపు చాపాడు. "గా గిన్నె ఇటియ్యమ్మా." మూత తీసి, నాలుగు మెతుకులు వేళ్లతో నలిపి చూసి, గిన్నె నా చేతికిచ్చాడు. "ఇది గూడ గట్లనే ఏయించుకొని రాపో. ఇంకింత వెయ్. జర ఎక్కువనే వెయ్."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. నాకు అందరికంటే ముందు అర్థమైంది. నా ఎడమ చేయి దానంతట అదే మీసం మీదికి వెళ్లింది.

"అన్నా! పాచి అన్నం!" అంది మా ఆవిడ, ఏడుపు గొంతుతో.

"ఏంది పాచి? పొద్దుగాల అరక కట్టుకొని పోయేటప్పుడు ఏం తిన్నమే మనం? సల్లబడ్డ జొన్న గట్కనో, ఏ పండుగ మర్నాడో మిగిలిన అన్నమో. దాని రుచే వేరు. నాకు నాలుగు పైసలు వచ్చిన కానుంచి ఎవరింటికి పోయినా పొయ్యి మీదికెళ్లి దించి పొగలు కక్కే అన్నం పెడుతున్రు. నోరు కాలుతది. ఊదుకొని ఊదుకొని తినేసరికి ఆకలి సస్తది. ఇంకింత ఏస్తరేమోనని చెయ్యి అడ్డం పెడత."

"నోరు కాలుతదని చెప్పొద్దా ఇన్నేండ్లు?"

"పెట్టినోళ్లకు బాధ అయితది గద."

ఇన్నేళ్లుగా కన్నతల్లి తీయించలేని చేయి! అన్నం వేడి తగ్గించి ఉంటే ఎప్పుడో లేచేది. టీచరమ్మ నవ్వు ఆపుకోలేక తలుపు పట్టుకుంది. నేను గిన్నెతో వంటింట్లోకి వెళ్లాను. నడిచి వెళ్లాననే చెబుతాను, కానీ చూసినవాళ్లు ఎగిరాడంటారు.

రెండోసారి వేయించి తెచ్చేసరికి పందెం సంగతి బావకు మా ఆవిడ చెప్పేసింది. ఆమె వాదన సిద్ధంగా ఉంది. "ఇది లెక్కకు రాదు. అబద్ధం చెప్పి తెచ్చిన అన్నం."

"పందెం అన్నానిదా, నా నోటిదా?" అన్నాడు బావ.

"నీ నోటిదే."

"నా నోటితోని అన్ననా, లేదా?"

ఆమె మూతి తిప్పుకుంది.

"ఇంకోసారి అనాల్నా?" పళ్లెం ముందుకు తోశాడు. "వెయ్ బావా."

ఆ తర్వాత ఊళ్లో నేను చెప్పిన లెక్క ప్రకారం మా బావ ఆ రోజు ఐదు పళ్లేలు తిన్నాడు. దర్జీ దోస్తు దగ్గర ఆరు అని చెప్పాను, ఎందుకంటే షాజీర వాళ్లది. నిజానికి మూడు. మూడోది కూడా నిండా కాదు. మిగిలినది మా ఆవిడ తిన్నది. కూర్చుని కాదు, బాణలి పక్కన నిలబడి, అంచుకు అంటిన మాడు గరిటెతో గీకి, "ఉప్పు తక్కువైంది" అంటూ. ఉప్పు తక్కువైందని ఇంకోసారి గీకింది. గడప దాటి లోపలికి వచ్చావని నేను గుర్తు చేయలేదు. గెలిచినవాడికి ఆ మాత్రం పెద్దమనసు ఉండాలి.

టీచరమ్మ పిల్లలు కోళ్లు లేవని ఏడిస్తే వాళ్లకు పల్లీలూ వడియాలూ పెట్టి పంపాను. బావ వెళుతూ వెళుతూ మోటారు సైకిలు మీది నుంచి, "మళ్ల నెల వస్త బావా. ముందునాడే వండి పెట్టు" అని అరిచాడు. అది వీధి వీధంతా విన్నది. వినాలనే నేను గేటు దాకా వెళ్లి, వినబడనట్టు "ఆఁ?" అని రెండోసారి అనిపించాను.

ఆ రాత్రే మా ఆవిడ తన షరతు ఒకటి చెప్పింది. వండినవాళ్లే గిన్నెలు తోమాలి. బజ్జీల బాణలి అడుగు నల్లగా గట్టిపడింది. నల్లా దగ్గర కూర్చుని బూడిదతో తోముతుంటే ఆమె మెట్ల మీద నుంచి "ఆడ పోలే, ఆడ, ఆ చెవి కింద" అని చూపిస్తూ ఉంది. అంత సేపు ఆమె నాతో మాట్లాడి ఎన్నాళ్లయిందో.

తర్వాతి ఆదివారం నేను పంచె బిగించి వంటింట్లోకి వెళ్లేసరికి ఆమె గడప బయట కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. మాట తప్పలేదు, కాలు లోపల పెట్టలేదు. అక్కడి నుంచే మంట తగ్గించమంది, అల్లం పొట్టు తీశారా అంది, పప్పు డబ్బా మూత పెట్టమంది.

"ఇయాల ఏ దేశం?" అని అడిగింది కాసేపటికి.

"థాయ్‌లాండ్."

"దగ్గు మందా?"

"కాదు. చేప. ఆ ముసలామె లెక్కనే వీళ్లూ పసుపు ఆకుల చుట్టి ఉడకబెడ్తరు."

"ఎట్ల చుడ్తరు?"

చూపించాను. ఆమె మెడ సాచి చూసింది. నా వీపు అడ్డం వచ్చింది కాబోలు.

"ఇగో, కనబడ్తలేదు," అంది. "నా కుర్చీ జర లోపటికి జరుపున్రి."

చేతులు కడుక్కుని వెళ్లి, కుర్చీని ఆమెతో సహా ఎత్తి లోపల పెట్టాను. సరే. ఆమె లేచి నిలబడింది, నేను కుర్చీ ఒక్కటే జరిపాను.